మరణవార్త – మృతుని హక్కు

అజాన్ వేళ కాని వేళలో మసీదు మైకు మోగిందంటే వీధిలోని వారు చేతిలోని పని ఆపి చెవి ఒగ్గుతారు. ఎవరో పోయారని మాట వినకముందే గ్రహిస్తారు. ఎవరు, ఏ ఇంటివారు, జనాజా ఎప్పుడు అనే మూడు సంగతుల కోసం ఎదురుచూస్తారు. అది రెండు నిమిషాల ప్రకటన మాత్రమే. కాని ఒక సమాజం మరణాన్ని గురించి ఏమనుకుంటున్నదో, మనుషుల్లో ఎవరిని పెద్దగా, ఎవరిని చిన్నగా చూస్తున్నదో, ఏ భాషను తన భాషగా భావిస్తున్నదో ఆ రెండు నిమిషాల్లోనే బయటపడిపోతుంది.

పెళ్ళి శుభలేఖ రాసేటప్పుడు మనం మాటలు ఏరుకుంటాం. చావు కబురు చెప్పేటప్పుడు అంత తీరిక ఉండదు. నోటికి అలవాటైన మాటే ముందు వస్తుంది. అందుకే ఆ అలవాటు మాటలను ఒకసారి తీరికగా పరిశీలించుకోవలసిన అవసరం ఉంది. అవి మన విశ్వాసానికి తగినవేనా? మృతునికి అవి ఏమైనా మేలు చేస్తున్నాయా?

మాటలో దాగిన విశ్వాసం

తెలుగులో మరణాన్ని తెలిపే మాటలు చాలా ఉన్నాయి. వైష్ణవులు ‘పరమపదించారు’ అంటారు. పరమపదం అంటే విష్ణుమూర్తి సన్నిధి. శైవులు ‘శివైక్యం చెందారు’ అంటారు. క్రైస్తవ సోదరుల కరపత్రాల్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంటుంది. నిద్రించినవారు తిరిగి లేస్తారన్న వారి నమ్మకం ఆ మాటలో ఉంది. ఉద్యమాల్లో పనిచేసినవారికి ‘అమరులయ్యారు’, ‘జోహార్లు’ అంటారు. పత్రికలు ‘కన్నుమూశారు’, ‘తుదిశ్వాస విడిచారు’ అని రాస్తాయి. పల్లెల్లో ‘నూకలు చెల్లాయి’ అంటారు. ఈ లోకంలో అతనికి రాసిపెట్టిన గింజలు అయిపోయాయని దాని భావం. ఎవరి మాటలో వారి విశ్వాసం ఉంది. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

ముస్లిముల ఇళ్ళలో వాడే మాటలకూ అర్థాలున్నాయి. ‘ఇంతెఖాల్’ అంటే ఒకచోటి నుండి మరోచోటికి మారడం. ‘వఫాత్’ అనే మాటకు మూలమైన అరబీ ధాతువులో పూర్తిగా తీసుకోవడం, పూర్తిగా చెల్లించడం అనే భావాలున్నాయి. మరణ సమయంలో ప్రాణాలను అల్లాహ్ స్వాధీనం చేసుకుంటాడని చెప్పేటప్పుడు దివ్యఖుర్ఆన్ ఆ ధాతువునే వాడింది (39:42). ఇక విపత్తు వార్త వినగానే మనం చెప్పే ‘ఇన్నాలిల్లాహి’ వచనం అల్‌బఖరా సూరాలోనిది (2:156). మనం అల్లాహ్‌కు చెందినవారం, ఆయన వైపుకే మరలిపోతాం అని దాని సారాంశం. అంటే పోయినవాడు మాత్రమే కాదు, వార్త చెప్పేవాడు, వినేవాడు కూడా ఆ దారినే ఉన్నారని ఒప్పుకోవడం అన్నమాట.

ఇప్పుడు మన తెలుగు మాటను చూడండి. ‘చనిపోయారు’ అన్న మాట మొరటుగా ఉందని కొందరు దాన్ని తప్పించుకుంటారు. కాని ‘చను’ అంటే పాత తెలుగులో వెళ్ళు అని అర్థం. చనిపోయారు అంటే వెళ్ళిపోయారు అనే. ‘ఇంతెఖాల్’ చెప్పే సంగతికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. మనిషి నశించిపోలేదు, ఇక్కడి నుండి వెళ్ళాడు. అల్లాహ్ ముందు నిలబడడానికి వెళ్ళాడు. చెప్పేవారు ఆ స్పృహతో చెబితే ఇంతకన్నా శుద్ధమైన మాట మరొకటి అక్కరలేదు. అసలు ‘కబురు’ అనే మాట కూడా అరబీ ‘ఖబర్’ నుండి వచ్చి తెలుగులో కలిసిపోయినదే.

ఇతర దేశాల ముస్లిములు ఎలా చెబుతారు?

ధర్మం ఒక్కటే అయినా ఆ ధర్మాన్ని పాటించే జాతులకు వేర్వేరు భాషలున్నాయి. మరణవార్తను ఒక్కో జాతి తన భాషలోనే చెప్పుకుంటుంది. ఐరోపాలోని బోస్నియాలో ఎవరైనా చనిపోతే చిన్న కాగితం ముద్రించి చెట్లకు, స్తంభాలకు, మసీదు పలకలకు అంటిస్తారు. ముస్లిములదైతే ఆ కాగితానికి ఆకుపచ్చ అంచు, నెలవంక ఉంటాయి. క్రైస్తవులదైతే నల్ల అంచు, శిలువ ఉంటాయి. రెండు మతాలవారూ కలిసి ఉండే ఊళ్ళలో ఒకే చెట్టుకు ఈ రెండు రకాల కాగితాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. రంగును చూసి ఎవరి ఇంట దుఃఖమో తెలుస్తుంది, చదివి అందరూ వెళతారు.

అక్కడి ముస్లిముల కాగితంలో ఉండే వాక్యం మనం గమనించదగినది. ‘ఫలానావారు ఆఖిరత్‌కు తరలివెళ్ళారు’ అని వారు తమ బోస్నియన్ భాషలో రాస్తారు. ‘ఆఖిరత్’, ‘జనాజా’ అనే మాటలు అరబీవి. వాటిని తమ ఉచ్చారణకు తగినట్లు మలచుకున్నారు. మిగిలిన వాక్యమంతా వారి ఇంటి భాషే. చదివినవారికి అర్థం కాని మాట ఒక్కటీ ఉండదు.

తుర్కియేలో మీనారు మీది నుండి ముందుగా ‘సలా’ వినిపిస్తుంది. అది దైవప్రవక్త (స)పై పలికే దరూద్, సలాముల పఠనం. అది చెవినపడగానే మరణవార్త రాబోతున్నదని ప్రజలు గ్రహిస్తారు. ఆ తర్వాత తుర్కీ భాషలో పేరు, జనాజా వేళ చెబుతారు. చనిపోయారని చెప్పడానికి వారు వాడే ఒక మాటకు ‘హఖ్ కారుణ్యాన్ని చేరుకున్నారు’ అని భావం. ఇక్కడ ‘హఖ్’ అంటే అల్లాహ్. పద్ధతులు వేరైనా రెండు దేశాల ప్రకటనల్లోనూ పరలోకపు స్పృహ ఉంది, వినేవారి భాష ఉంది. మన ప్రకటనలను తూచడానికి ఈ రెండూ మంచి తూనికరాళ్ళు.

దైవప్రవక్త (స) వినిపించిన వార్త, వారించిన చాటింపు

అబిసీనియా రాజు నజాషీ చనిపోయిన రోజునే దైవప్రవక్త (స) ఆ వార్తను సహచరులకు తెలిపారు. వారిని ఈద్‌గాహ్ మైదానానికి తీసుకువెళ్ళి, వరుసలు కట్టించి, నాలుగు తక్బీర్లతో జనాజా నమాజు చేయించారు. హి.శ. 8 (క్రీ.శ. 629)లో మూతా యుద్ధంలో జైద్, జాఫర్, అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) ఒకరి తర్వాత ఒకరు నేలకొరిగిన వార్తను కన్నీళ్ళతో మదీనావాసులకు స్వయంగా వినిపించారు. ఈ ఉల్లేఖనాలు సహీహ్ బుఖారీలో ఉన్నాయి.

మరోవైపు ‘నఈ’ని ఆయన వారించారని హజ్రత్ హుజైఫా (రజి) తెలిపారు. తాను పోయినప్పుడు చాటింపు వేయవద్దని, అది ‘నఈ’ అవుతుందేమోనని భయంగా ఉందని ఆయన తనవారికి చెప్పుకున్నారు. ఇది తిర్మిజీలో ఉంది. ఈ రెండింటిలో వైరుధ్యం ఏమీ లేదు. అజ్ఞానకాలంలో గొప్పవాడు పోతే గుర్రపు రౌతులను తెగతెగకూ పంపి, అతని వంశం గురించి, పరాక్రమం గురించి గొప్పలు చెబుతూ, ఏడుపులు రేపుతూ చాటించేవారు. వారించబడినది ఆ చాటింపే.

ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ ఈ విషయాన్ని మూడుగా విభజించి చెప్పారు. బంధుమిత్రులకు, సజ్జనులకు తెలియజేయడం సున్నత్. ఆడంబరం కోసం జనాన్ని పోగుచేయడం అవాంఛనీయం. రోదనలకు, గుండెలు బాదుకోవడానికి పిలవడం నిషిద్ధం. అంటే అసలు ప్రశ్న ఒక్కటే: ఈ ప్రకటన ఎవరి కోసం? మృతుని కోసమైతే అది పుణ్యకార్యం. బతికున్నవారి పరువు కోసమైతే పాత అజ్ఞానకాలపు చాటింపే కొత్త వేషంలో వచ్చినట్లు.

మన పట్టణాల కూడళ్ళలో ఫ్లెక్సీలు చూస్తుంటాం. కొన్నింటిలో మృతుని ఫొటో కన్నా నివాళి అర్పించే నాయకుల ఫొటోలే ఎక్కువ. జనాజా ఎప్పుడో, ఎక్కడో దానిలో ఉండదు. ఆయన మన్నింపు కోసం ప్రార్థించండన్న మాటా ఉండదు. గుర్రపు రౌతుల స్థానంలో ఫ్లెక్సీ వచ్చిందే తప్ప మారినదేమిటి?

తీర్పు మన చేతిలో లేదు

హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) మక్కా నుండి వలస వచ్చిన తొలితరం సహచరుల్లో ఒకరు. మదీనాలో ఆయన ఒక అన్సారీ కుటుంబం ఇంట బసచేశారు. అక్కడే జబ్బుపడి మరణించారు. ఆయనకు సేవలు చేసిన ఉమ్ముల్ అలా (రజి) అనే మహిళ దుఃఖంతో, అల్లాహ్ నిన్ను గౌరవించాడని నేను సాక్ష్యమిస్తున్నాను అన్నారు. అక్కడున్న దైవప్రవక్త (స), అల్లాహ్ ఆయనను గౌరవించాడని నీకెలా తెలుసని అడిగారు. ఆయన విషయంలో తానూ మేలునే ఆశిస్తున్నానని, కాని తీర్పు అల్లాహ్‌దేనని బోధించారు. ఆ తర్వాత తాను ఎవరి విషయంలోనూ అలా ఖాయంగా చెప్పలేదని ఆ మహిళే తెలిపారు. ఇది కూడా బుఖారీలోనిదే.

ఈ పాఠం వెలుగులో మన తెలుగు ప్రకటనలను చూసుకుందాం. పత్రికల్లో చూసిన అలవాటుతో మనవారు కూడా ‘స్వర్గస్తులయ్యారు’ అని రాస్తున్నారు. స్వర్గం ఖాయమైందని చెప్పడానికి మనమెవరం? ‘దివంగతులు’ అన్న మాటలోనూ స్వర్గానికి వెళ్ళారనే భావమే ఉంది. ‘కీర్తిశేషులు’ అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు. కాని మనిషి పోయాక అతనికి అందుతూ ఉండేవి మూడని దైవప్రవక్త (స) నేర్పారు: కొనసాగే దానం, ఇతరులకు ఉపయోగపడే జ్ఞానం, అతని కోసం దుఆ చేసే మంచి సంతానం. ఆ మూడింటిలో కీర్తి లేదు.

ఈ జాగ్రత్త అరబీ, ఉర్దూ మాటల విషయంలోనూ అవసరమే. ‘మర్హూమ్’ అంటే కరుణింపబడినవాడు. కరుణింపబడ్డాడని ఖాయంగా ప్రకటించడం మన పని కాదు. కరుణింపబడాలనే దుఆగా ఆ మాటను వాడాలని ధర్మవేత్తలు వివరించారు. ఫలానావాడు షహీద్ అని తేల్చి చెప్పరాదంటూ ఇమామ్ బుఖారీ తన గ్రంథంలో ప్రత్యేకంగా ఒక శీర్షికే పెట్టారు. ‘ఆత్మకు శాంతి చేకూరాలి’ అని రాసేచోట, ‘అల్లాహ్ ఆయనను మన్నించుగాక’ అని రాస్తే సరిపోతుంది. మృతునికి అన్నింటికన్నా ముందు కావలసినది మన్నింపు.

ఎవరి వార్త వినిపిస్తున్నాం?

మదీనాలో దైవప్రవక్త (స) మసీదును ఊడ్చే ఒక నల్లజాతి మహిళ ఉండేది. కొన్ని ఉల్లేఖనాల్లో యువకుడని కూడా ఉంది. కొన్నాళ్ళు కనిపించకపోయేసరికి ఏమైందని దైవప్రవక్త (స) అడిగారు. చనిపోయిందని చెప్పారు. నాకెందుకు తెలియజేయలేదని ఆయన ప్రశ్నించారు. ఇది ఆయనకు చెప్పవలసినంత పెద్ద సంగతి కాదని వారు అనుకున్నారు. ఆయన సమాధి చూపించమని అడిగి, అక్కడికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

సోదరులారా! ఈ ఒక్క హదీసు చాలు మన లెక్కలు సరిచూసుకోవడానికి. నజాషీ రాజు వార్తను అల్లాహ్ ప్రవక్తకు తెలియజేశాడు. ఊడ్చే మనిషి వార్తను మనుషులు తెలియజేయలేదు. ఆయన ఇద్దరికీ జనాజా నమాజు చేశారు. రాజుకు మైదానంలో, ఊడ్చే మనిషికి సమాధి దగ్గర.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. షాపు యజమాని పోతే నాలుగు మసీదుల మైకుల్లో, పది వాట్సాప్ గ్రూపుల్లో వార్త వస్తుంది. రిక్షా తొక్కేవాడో, బస్టాండు దగ్గర పండ్లు అమ్ముకునే ముసలమ్మో పోతే ఆ సందులోని నలుగురికే తెలుస్తుంది. జనాజాలో ఒక్క వరుస నిండదు. నలభైమంది, ఇంకో హదీసులో వందమంది, విశ్వాసులు జనాజాలో నిలబడి మృతుని కోసం సిఫారసు చేస్తే అది స్వీకరించబడుతుందన్న శుభవార్త సహీహ్ ముస్లింలో ఉంది. మనం వార్త చెప్పకపోవడం వల్ల ఆ పేదవాడు పోగొట్టుకున్నది మర్యాద కాదు, ఆ నలభైమంది దుఆ. ధనవంతునికి మనం చెప్పకపోయినా వార్త పాకుతుంది. మైకు అవసరం పేదవానికే ఎక్కువ. కనుక మసీదు కమిటీ పెద్దలు దీన్ని ఒక నియమంగా పెట్టుకోవాలి: మహల్లాలో ఎవరు పోయినా అవే మాటలు, అంతే నిడివి, అన్నే మసీదులు.

స్త్రీల విషయంలో మరో లోపం ఉంది. చాలాచోట్ల ‘ఫలానా సాహెబ్ గారి తల్లి’, ‘ఫలానా గారి భార్య’ అని చెప్పి ఊరుకుంటారు. ఆమె పేరు వినిపించదు. జీవితమంతా ఇరుగుపొరుగు పిల్లలకు ఖుర్ఆన్ నేర్పిన ఆమె అయినా సరే, చివరి ప్రకటనలో ఆమెకు పేరుండదు. ఇది గౌరవం అనుకుంటారు. కాని ఆయిషా, ఉమ్మె సల్మా, అస్మా (రజి) వంటి మహిళల పేర్లతో హదీసు గ్రంథాలు నిండి ఉన్నాయి. దివ్యఖుర్ఆన్‌లో మర్యమ్ (అలై) పేరుతో ఒక సూరాయే ఉంది. పేరు చెబితే ఆమెను ఎరిగినవారు గుర్తుపడతారు, ఆమె పేరుతో దుఆ చేస్తారు. కొడుకు పేరు, భర్త పేరు తప్పక చెప్పండి. వాటికి ముందు ఆమె పేరు చెప్పండి.

ఏ భాషలో చెప్పాలి?

మన మసీదుల్లో మరణ ప్రకటన చాలావరకు ఉర్దూలోనే జరుగుతుంది. ఉర్దూ తెలిసిన మహల్లాలో అది సరైనదే. కాని కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ‘నమాజె జనాజా’, ‘తద్ఫీన్’ అన్న మాటలు వారికి సగమే అందుతాయి. ఏ వేళకు, ఏ ఖబరస్తాన్‌కు వెళ్ళాలో పక్కవారిని అడిగి తెలుసుకునేలోపు జనాజా కదిలిపోతుంది.

ఇంకొక సంగతి. పోయినవారి ఇరుగుపొరుగులో హిందువులు, క్రైస్తవులు ఉంటారు. ఏళ్ళ తరబడి కలిసి బతికినవారు. ఆ ఇంటికి వచ్చి నాలుగు ఓదార్పు మాటలు చెప్పాలని వారికీ ఉంటుంది. ఉర్దూ ప్రకటన వారికి ఎవరో పోయారని మాత్రమే చెబుతుంది, ఎవరో చెప్పదు. ఒకసారి ఒక జనాజా వెళుతుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదునిదని ఎవరో అంటే, అది కూడా ఒక ప్రాణమే కదా అని ప్రశ్నించారు. ఇతరుల మరణం పట్ల అంత మర్యాద నేర్పిన ప్రవక్త అనుచరులం మనం. మన ఇంటి మరణాన్ని ఇరుగుపొరుగువారికి అర్థమయ్యే భాషలో చెప్పడం ఆ మర్యాదలో భాగమే. ఉర్దూలో చెప్పాక రెండు వాక్యాలు తెలుగులో చెబితే పోయేదేమీ లేదు.

ఆలస్యం, అప్పు

‘చావు కబురు చల్లగా చెప్పినట్లు’ అని తెలుగులో ఒక నానుడి ఉంది. త్వరగా చెప్పవలసిన వార్తను నిదానంగా చెప్పేవారిని అలా ఎత్తిపొడుస్తారు. జనాజాను త్వరగా తీసుకువెళ్ళమని దైవప్రవక్త (స) ఆదేశించారు. కనుక వార్త కూడా త్వరగా వెళ్ళాలి. అయితే త్వరపడడం అంటే నిర్ధారించుకోకుండా చెప్పడం కాదు. ఆసుపత్రిలో కొనఊపిరితో ఉన్నవారిని వాట్సాప్‌లో చంపివేస్తున్న రోజులివి. తెచ్చినవాడిని బట్టి వార్తను పరిశీలించుకోమని దివ్యఖుర్ఆన్ హెచ్చరించింది (49:6). ఇంటివారిని అడిగి తెలుసుకున్న తర్వాతే మైకు పట్టుకోవాలి.

ఇక అప్పు సంగతి. దైవప్రవక్త (స) దగ్గరకు జనాజా తెస్తే, ఇతనికి అప్పు ఉందా, తీర్చడానికి ఏమైనా వదిలాడా అని అడిగేవారు. ఒక వ్యక్తికి మూడు దీనార్ల అప్పు ఉంది, వదిలింది ఏమీ లేదు. మీ సహచరునికి మీరే నమాజు చేయండని ఆయన అన్నారు. ఆ అప్పు నాది అని అబూ ఖతాదా (రజి) పూచీపడిన తర్వాతే నమాజు చేయించారు. తర్వాతి కాలంలో, సంపద చేతికి వచ్చాక, అప్పుతో పోయిన విశ్వాసుల బాకీలు తానే తీరుస్తానని ఆయన ప్రకటించారు. మన ప్రకటనల్లో వంశం ఉంటుంది, పదవులు ఉంటాయి, అప్పు మాట ఉండదు. పరువు పోతుందని భయం. కాని ఆ ఒక్క వాక్యం మృతుని మెడ మీది బరువును దించగలదు.

ప్రకటన ఎలా ఉండాలి?

పైన చెప్పిన విషయాలన్నీ కలిపితే ప్రకటన ఇలా ఉండవచ్చు:

“అస్సలాము అలైకుమ్. మన మహల్లాలో ఉండే ఫలానా గారు, ఫలానా గారి కుమార్తె, ఫలానా గారి తల్లి, ఈ ఉదయం చనిపోయారు. జుహర్ నమాజు తర్వాత ఫలానా మసీదులో జనాజా నమాజు జరుగుతుంది. ఫలానా ఖబరస్తాన్‌లో ఖననం చేస్తారు. ఆమె నుండి ఎవరికైనా బాకీ రావలసి ఉంటే ఆమె వారసులను కలవండి. ఆమె వల్ల ఎవరికైనా బాధ కలిగి ఉంటే మన్నించండి. ఆమెను అల్లాహ్ మన్నించాలని అందరూ దుఆ చేయండి.”

ఇందులో పొగడ్త లేదు, తీర్పు లేదు. వినేవారు చేయవలసిన పనులన్నీ ఉన్నాయి. రాజుకైనా, ఊడ్చే మనిషికైనా సరిపోతుంది. ఇది విన్న పొరుగువారు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. హజ్రత్ జాఫర్ (రజి) మరణవార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారికోసం అన్నం వండమని దైవప్రవక్త (స) చెప్పారు. దుఃఖంలో ఉన్న ఇంటివారి చేత మనం వండించుకుని తినడం కాదు, మనం వండి పంపడం సున్నత్.

ఈ నెల చేయవలసిన పని

ఈ పాఠం చదివిన తర్వాత మీ మహల్లా మసీదులో పెద్దలతో కూర్చుని మూడు విషయాలు మాట్లాడండి. ఒకటి, ప్రకటనకు అందరికీ వర్తించే ఒకే నమూనా రాసి మైకు పక్కన అంటించడం. రెండు, ఉర్దూతో పాటు తెలుగులో కూడా చెప్పడం. మూడు, ఎవరూ లేనివారు, అద్దె గదుల్లో ఒంటరిగా ఉన్న కూలీలు పోతే ఆ కబురు మసీదుకు చేర్చే బాధ్యతను ఒకరికి అప్పగించడం.

ఏదో ఒక రోజు ఆ మైకులో మన పేరే వినిపిస్తుంది. ఆ రోజు మనకు బిరుదులు అక్కరకు రావు. మన పేరు విని పని ఆపి, ఒడూ చేసుకుని, వరుసలో వచ్చి నిలబడే మనుషులే అక్కరకు వస్తారు. ఇతరుల కోసం ఈ రోజు మనం అలా నిలబడితే, రేపు మన కోసం నిలబడేవారిని అల్లాహ్ పంపుతాడని ఆశిద్దాం.

అల్లాహ్ మన మృతులందరినీ మన్నించుగాక! వారి హక్కులను నెరవేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! మన మాటలను సత్యానికి, వినయానికి దగ్గరగా ఉంచుగాక! ఆమీన్.